చీటీలత్త రాసిన ఒక తప్పు పేరు

మా మేనత్తని ఇంట్లో అందరం చీటీలత్త అంటాం. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు వ్యవసాయ కళాశాలలోని పురుగుల గదిలో చీటీలు రాసింది. చీటీ అంటే చిటికెనవేలి గోరంత కాగితం ముక్క. గుండుసూదికి గుచ్చి దాచిన ప్రతి పురుగు కిందా అలాంటివి రెండుంటాయి. పైదాని మీద ఆ పురుగు ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఏ మొక్క మీద, ఎవరు పట్టారు అన్న వివరాలు. కిందదాని మీద దాని శాస్త్రీయ నామం. అచ్చు యంత్రాలు అంత చిన్న అక్షరం వేయలేని రోజులవి. ఆ పని మా అత్త చేతి మీదే నడిచేది.

ఆ ఉద్యోగం ఆవిడ వెతుక్కున్నది కాదు. మా తాత దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఆయనది తలుపంత అక్షరం. ఆయన పక్కన కూర్చుని రంగు డబ్బాలు అందిస్తూ, మిగిలిపోయిన అట్టముక్కల మీద అదే అక్షరాన్ని గింజంత చేసి రాసుకోవడం అత్తకి అలవాటు. ఒకసారి తాతని పురుగుల గదికి కొత్త బోర్డు రాయమని పిలిచారు. తాత నిచ్చెన మీద ఉన్నాడు. కింద కూర్చుని అత్త బస్సు టికెట్టు వెనక ఏదో రాసుకుంటోంది. ఆ గది చూసుకునే మేష్టారు అటుగా వచ్చి, వంగి చూసి, జేబులోంచి భూతద్దం తీశారు.

"అమ్మాయ్, ఇదిగో ఈ కాగితం మీద ఐదు లైన్లు పట్టిస్తావా?" అని గోరంత ముక్క ఇచ్చారు.

"ఆరు పడతాయండీ. ఏడోది రాయమంటే మాత్రం నా వల్ల కాదు," అంది అత్త.

ఆరు పట్టించింది. మేష్టారు ఆ ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసి, "సోమవారం నుంచి వచ్చెయ్," అన్నారు. తాత నిచ్చెన దిగకుండానే, "మరి నా రంగు డబ్బాలు ఎవరు అందిస్తారు?" అన్నాడట. అన్నాడే గానీ, ఆ సాయంత్రం వీధిలో కనిపించిన ప్రతివాడికీ మా అమ్మాయికి కాలేజీలో ఉద్యోగం వచ్చిందని చెబుతూ నడిచాడు. పది నిమిషాల దారికి గంట పట్టింది.

పురుగుల గది అంటే పొడుగాటి హాలు. రెండు గోడల పొడవునా చెక్క బీరువాలు, ఒక్కో బీరువాకి ఇరవై సొరుగులు, సొరుగుకి పైన గాజు మూత. ఎక్కడ చూసినా కలరా ఉండల వాసన. ఉత్తరం కిటికీ పక్కన అత్త బల్ల. నీళ్ళు తగిలినా చెదరని నల్ల సిరా, సన్నటి ఉక్కు పాళీ, పాళీ తుడవడానికి పాత చొక్కా గుడ్డ. అత్త హైస్కూలు దాటి చదవలేదు. మొదటి నెల రాసిన పేర్లలో ఒక్కటీ అర్థం కాలేదు. చూసింది చూసినట్టు దింపేసేది.

రెండో నెలలో ఆవిడకి చుక్కల పురుగుల సొరుగులు వచ్చాయి. ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్ల చుక్కలతో ఉంటాయే, ఆకుల రసం పీల్చే పేనుబంకని తిని పంటని కాపాడతాయి, అక్షింతల పురుగులు, అవి. మేష్టారు మొదటి చీటీ చేతికిచ్చి, "కాక్సినెల్లా సెప్టెంపంక్టాటా," అని చదివారు. "ముందున్నది ప్రజాతి పేరు. దానికి దగ్గర చుట్టాలందరికీ అదే ఉంటుంది. వెనకది దాని సొంతం. సెప్టెం అంటే ఏడు, పంక్టాటా అంటే చుక్కలున్నది."

అత్త పురుగుని చూసింది. చుక్కలు లెక్కపెట్టింది. ఏడే ఉన్నాయి.

"ఇంటిపేరు ముందూ, సొంత పేరు వెనకా. అచ్చం మనలాగేనండీ!" అంది.

"పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఈ ముక్క నాకు తట్టలేదు," అన్నారు మేష్టారు. ఆ తర్వాత ఏటా మొదటి పాఠంలో ఆయన అదే ముక్క చెప్పేవారు. 'మా చీటీలమ్మ చెప్పింది' అని కూడా చెప్పేవారు.

ఇక అక్కణ్ణుంచి ఇంట్లో మాకు తప్పించుకునే దారి లేకపోయింది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, అత్త ఒక్కో పేరూ విప్పి చెప్పేది. మా అమ్మ వడ్డిస్తూ, "వదినా, ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడైనా ఆ పురుగుల్ని బయట వదిలెయ్యరాదూ?" అనేది. రెండు చుక్కలున్నది బైపంక్టాటా అని, పది చుక్కలున్నది డెసెంపంక్టాటా అని మాకు ఎక్కాలకంటే ముందు వచ్చేశాయి.

ఆరు చుక్కల దాని సంగతి మాత్రం అత్త మాకు పెద్దయ్యాక చెప్పింది. దాని పేరు మెనోకైలస్ సెక్స్‌మాక్యులేటస్. మొదటిసారి ఆ పేరు రాయమన్నప్పుడు ఆవిడ కలం కింద పెట్టేసి, చెంగు సర్దుకుని, "ఇది నేను రాయనండీ," అందట. మేష్టారికి సంగతి అర్థమై చెవులు ఎర్రబడ్డాయట. "ఆరు, అమ్మాయ్! ఆ మాటకి లాటిన్‌లో ఆరు అని అర్థం. ఆరే!" అని గోడకేసి తిరిగి చెప్పారట. అయినా అత్త ఆ రోజంతా ఆ చీటీలని సిరా ఆరగానే బోర్లా తిప్పి పెట్టింది.

అదే పురుగు ఆవిడని మరోసారి ఏడిపించింది. నాలుగేళ్ళ తర్వాత దాని ప్రజాతి పేరు మార్చారు. ఇకమీదట దాన్ని కైలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా అనాలి. గదిలో ఆ పురుగులు నాలుగువందల పన్నెండున్నాయి. పాత చీటీ తీసేయకూడదు, అది ఆ పురుగు చరిత్ర. కొత్తది రాసి దాని కింద గుచ్చాలి.

"ఇంటిపేరు మార్చారు, సరే. సొంత పేరు తోక కూడా ఎందుకండీ మార్చడం?" అని అత్త మేష్టారితో దెబ్బలాటకి దిగింది.

"పాత ఇంటిపేరు మగది. కొత్తది ఆడది. వెనక పేరు దానికి తగ్గట్టు ఉండాలి."

"మరి పురుగు?"

"పురుగు ఏదైనా కావచ్చు."

"అయితే దాని ఇష్టం ఎవరూ అడగలేదన్నమాట," అని సణుక్కుంటూ మూడు వారాలు రాసింది. ఆ మూడు వారాలూ మేష్టారు ఆవిడ బల్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు అడుగుల చప్పుడు కానిచ్చేవారు కాదు.

అత్తకి పెళ్ళి ఆలస్యంగా జరిగింది. ఆవిడ వద్దనలేదు, కావాలనీ అనలేదు. ముప్ఫై నాలుగో ఏట సన్నటి గీతలు రెండుగా కనిపించడం మొదలై, బజారులో కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణదారు అద్దాలు తనే అరగదీసి అమర్చేవాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. మాట తక్కువ.

"మీరు ఎంత చిన్న అక్షరం చదవాలి?" అని అడిగాడు.

అత్త సంచిలోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన తన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఇంకో భూతద్దం తెచ్చి దాని మీద పెట్టి చూశాడు.

"ఇది చదవడం కాదు, రాసిందెవరు?"

"నేనే."

కళ్ళద్దాలు సిద్ధమయ్యాయని చెప్పడానికి రెండు మైళ్ళు నడిచి తనే మా ఇంటికొచ్చాడు. సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి మర్నాడొచ్చాడు. చెవి దగ్గర ఒత్తుకుంటోందేమోనని ఆ పై వారం వచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు మా నాన్న, "చెల్లాయ్, నీ కళ్ళకి ఇంత జబ్బుందని నాకు తెలీదే," అన్నాడు. అత్త లోపలికి పారిపోయింది. రెండు నెలల్లో ఆయన మాకు మావయ్యయ్యాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. కాబట్టి సెలవులొస్తే మేం వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. ఒక గదిలో ఆయన అద్దాలు తుడుస్తూ, ఇంకో గదిలో ఆవిడ పాళీలు తుడుస్తూ, ఒకరినొకరు 'ఏమోయ్', 'ఏవండీ' అని పిలుచుకుంటూ ఉండేవారు. పిలిచి ఊరుకునేవారు, అంతే. ఉన్నారో లేదో చూసుకోవడం అన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మేష్టారు పదవీ విరమణ చేశాక ఆ గదికి కొత్త అధికారిణి వచ్చింది. అందరూ మేడమ్ అనేవారు. అత్తకంటే పదిహేనేళ్ళు చిన్నది, చురుకైనది. రైతులు వచ్చి చూసినా అర్థమయ్యేట్టు ప్రతి సొరుగు మీదా లాటిన్ పేరుతో పాటు వాడుక పేరు కూడా ఉండాలంది. మంచి ఆలోచన. అత్తకి వాడుక పేర్ల జాబితా ఇచ్చారు. జాబితాలో కొన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అవి అడిగి తెలుసుకుని రాయమన్నారు.

చుక్కల పురుగుల బీరువాలో ఆరు సొరుగులకి 'అక్షింతల పురుగు' అని రాసింది అత్త. ఏడో సొరుగుకి జాబితాలో గడి ఖాళీ. శనివారం సాయంత్రం, ఇంటికి వెళ్ళే వేళ. ఆ సొరుగులోవీ గుండ్రంగానే ఉన్నాయి, చుక్కలతోనే ఉన్నాయి, ఆ కుటుంబంవే. అడగడానికి గదిలో ఎవరూ లేరు. సోమవారం అడగొచ్చు. కానీ చేతిలో పాళీ తడిగానే ఉంది. 'అక్షింతల పురుగు' అని రాసి, అంటించి, వెళ్ళిపోయింది.

ఆ సొరుగులో పురుగు పూర్తి పేరు హెనోసెపిలాక్నా విజింటియోక్టోపంక్టాటా. ఇరవై ఎనిమిది చుక్కలది. అక్షింతల పురుగులకి చుట్టమే గానీ, బుద్ధి వేరు. అది పేనుబంక తినదు. వంగ, బంగాళాదుంప ఆకుల్లో పచ్చదనమంతా గీకి తినేసి ఈనెలు వదిలేస్తుంది.

రెండేళ్ళు ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత కళాశాల అచ్చు విభాగం వాళ్ళు రైతుల కోసం 'మన పొలంలో మన నేస్తాలు' అని చిన్న పుస్తకం వేశారు. సొరుగుల మీద పేర్లు చూసుకుంటూ బొమ్మలు తీసుకున్నారు. అక్షింతల పురుగుల పేజీలో నాలుగు బొమ్మలు. నాలుగోది ఏడో సొరుగులోది. కింద పెద్దక్షరాల్లో, 'ఇవి కనిపిస్తే చంపకండి, మందు చల్లకండి' అని ఉంది. మేడమ్ పని హడావిడిలో ఆ పేజీ చూడకుండా సంతకం పెట్టింది. ఎనిమిది వేల పుస్తకాలు బయటికి వెళ్ళాయి.

ఆ వానాకాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, ఊరి చివర వంగతోట వేసిన ఒకావిడ పురుగుల గదికి వచ్చింది. కాళ్ళకి మట్టి, చేతిలో మూతకి చిల్లులు పొడిచిన గాజు సీసా, చంకలో ఆకులు చుట్టిన కాగితం పొట్లం. గుమ్మం దగ్గరున్న గుమాస్తా ఎవరు కావాలన్నాడు.

"మీ నేస్తాల్ని తెచ్చాను. మీకే ఇచ్చేద్దామని," అంది ఆవిడ.

సీసా బల్ల మీద పెట్టింది. పొట్లం విప్పింది. లోపల వంగాకులు. ఆకులు అనడానికి లేదు, ఈనెల మధ్య ఎండిన పొర మాత్రం మిగిలింది. ఎత్తి పట్టుకుంటే అవతల కిటికీ కనిపిస్తోంది. "చంపొద్దన్నారు, చంపలేదు. మందు కొట్టొద్దన్నారు, కొట్టలేదు. ఆరు వరసలు పోయాయి. ఇప్పుడేం చెయ్యమంటారో అదీ ఆ పుస్తకంలో రాయండి."

గుమాస్తా సీసాలోకి చూసి, "అక్షింతల పురుగులు ఆకు తినవమ్మా. గొంగళి పురుగు పడి ఉంటుంది, నువ్వు చూసుకోలేదు," అన్నాడు.

"నాకు కళ్ళున్నాయి బాబూ. పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా చూశాను. ఇవే తింటున్నాయి."

తన బల్ల దగ్గర్నుంచి అత్త ఇదంతా వింటోంది. లేచి వచ్చి, సీసా తీసుకుని, మావయ్య చేసిచ్చిన భూతద్దం పెట్టి చూసింది. మెరుపు లేదు. వీపు మీద సన్నటి నూగు. చుక్కలు లెక్కపెట్టనక్కర్లేకపోయినా లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది.

తర్వాత ఆవిడ నడిచి బీరువా దగ్గరికి వెళ్ళింది. ఏడో సొరుగు లాగింది. తన చేతిరాత చూసుకుంది.

ఆ క్షణం గురించి అత్త నాతో ఒక్కసారే చెప్పింది. "చెరిపేద్దామా అనిపించింది. బ్లేడుతో గీకితే ఒక్క నిమిషం పని. ఎవరికీ తెలీదు. అచ్చు వాళ్ళ తప్పనుకుంటారు." "మరి ఎందుకు చెరపలేదు?" అన్నాను. "ఆవిడ కాళ్ళకి మట్టి ఉంది. నా చేతికి సిరా ఉంది. చూస్తూ చూస్తూ ఎలా?" అంది.

సొరుగు సొరుగంతా బయటికి లాగి రెండు చేతులా పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"ఈ పేరు నేను రాశానండీ. అడక్కుండా రాశాను. అచ్చువాళ్ళు దీన్ని చూసే వేశారు. బయట ఒకావిడ ఉంది, ఆరు వరసలు పోయాయట. తప్పు నాది."

మేడమ్ సొరుగు చూసింది, పుస్తకం తెరిచి ఆ పేజీ చూసింది, చేత్తో నుదురు పట్టుకుంది. అత్త చివాట్ల కోసం నిలబడింది. మేడమ్ పుస్తకం ఆవిడ వైపు తిప్పి, "కింద సంతకం ఎవరిది?" అంది.

"మీదండీ."

"అయితే మీరొక్కరే నిలబడటం దేనికి? కూర్చోండి. ఆవిణ్ణి లోపలికి పిలవండి."

వంగతోట ఆవిడ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. అత్త లేచి నిలబడి, "నన్ను క్షమించమ్మా," అంది. ఆవిడ అత్తని కిందనుంచి పైదాకా చూసింది.

"క్షమించడం సంగతి తర్వాత. ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయే."

"అయితే పొద్దున్నే వచ్చి పురుగులు ఏరు. ఒక్కదాన్నే ఏరలేక చస్తున్నాను."

ఆ ఆదివారం అత్తా, మావయ్యా తోటకి వెళ్ళారు. ఆ తర్వాతి ఆదివారం నేనూ వెళ్ళాను. పని చూడటానికి సులువే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ పురుగులు మందంగా ఉంటాయి. సబ్బు నీళ్ళ బకెట్టు ఆకు కింద పెట్టి కొమ్మ తడితే టపటపా రాలతాయి. ఆకు వెనక పసుపు గుడ్లుంటే ఆకుతో సహా తుంచాలి. ముళ్ళున్న పసుపు పిల్ల పురుగుల్ని చేత్తో ఏరాలి. పెద్ద పురుగుని పట్టుకుంటే కాళ్ళ కీళ్ళలోంచి చేదు వాసనొచ్చే పసుపు రసం వదులుతుంది. సాయంత్రానికి మా అందరి వేళ్ళూ పసుపే. మావయ్య రెండు గంటలు వంగి ఏరి, నడుం పట్టేసి, గట్టు మీద కూర్చుని, "ఏమోయ్, ఇకమీదట తప్పు రాస్తే నిలబడి దిద్దుకునేది రాయి," అన్నాడు. అత్త నవ్వాలో వద్దో తెలియక తోట ఆవిడ వైపు చూసింది. ఆవిడ అప్పటికే పకపకా నవ్వుతోంది.

అలా ఐదు ఆదివారాలు. మిగతా వరసలు నిలబడ్డాయి.

అచ్చయిన పుస్తకాల సంగతి తేలలేదు. మేడమ్ దిద్దుబాటు చీటీ అచ్చేయించి ఊరూరా పంపుదామంది. కానీ అందులో ఏమని రాయాలి? 'అక్షింతల పురుగుల్ని చంపకండి, అక్షింతల పురుగుల్ని చంపండి' అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? మంగళవారం పూట తోట ఆవిణ్ణి కూడా పిలిచి ముగ్గురూ కూర్చున్నారు.

"లాటిన్ పేరే వేసేద్దాం," అంది మేడమ్.

"ఏమిటా పేరు?" అంది తోట ఆవిడ.

"హెనోసెపిలాక్నా విజింటియోక్టోపంక్టాటా."

"అది పలికేలోపు నా తోట అయిపోతుంది తల్లీ."

ఇరవై ఎనిమిది చుక్కల పురుగు అందామంది మేడమ్. పాకే పురుగు మీద చుక్కలు లెక్కపెట్టేదెవరంది ఆవిడ. చెడ్డ అక్షింతల పురుగు అందామంది అత్త. 'అక్షింతలు' అన్న మాట చెవిన పడితే వెనక ముందు వినకుండా వదిలేస్తారు, ఆ మాటే ఉండకూడదంది ఆవిడ. నూగు పురుగు? దొంగ పురుగు? ఏదీ కుదరలేదు.

అత్తకి విసుగొచ్చి, "అసలు మీ తోటలో మీరు దాన్ని ఏమని తిడుతున్నారు?" అని అడిగింది.

"నేనా? ఆకుని జల్లెడ చేసి పెట్టింది కదా. జల్లెడ ముండ అంటున్నాను."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడమ్ రెండో మాట కొట్టేసింది. మొదటి మాట ఉంచింది. జల్లెడ పురుగు.

అత్త లేచి వెళ్ళి ఏడో సొరుగుకి కొత్త చీటీ రాసింది. పాతది తీసేయలేదు, అడ్డంగా గీత కొట్టింది. దాని కిందే అంటించింది. పేరు పెట్టింది ఎవరన్న చోట 'వంగతోట ఆవిడ' అని ఆరో లైనులో పట్టించింది.

దిద్దుబాటు చీటీలు ఆ పేరుతోనే ఊరూరా వెళ్ళాయి. తర్వాత ఆరు నెలలు ప్రతి బుధవారం అత్త కూరగాయల మార్కెట్టులో ఒక మూల చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, తనే సెలవు పెట్టుకుని వెళ్ళింది. బల్ల మీద రెండు డబ్బాలు, మావయ్య ఉట్టినే చేసిచ్చిన నాలుగు భూతద్దాలు. ఒక డబ్బాలో అక్షింతల పురుగులు, ఇంకోదాంట్లో జల్లెడ పురుగులు. "నిగనిగలాడితే నీ నేస్తం, మాసిపోయి ఉంటే జల్లెడది. ఆకు చూడు, జల్లెడగా ఉంటే ఏరెయ్," అని వచ్చినవాళ్ళకల్లా చూపించేది. నలుగురిలో మాట్లాడాలంటే బెదిరే మా అత్త, పాతికేళ్ళు గోడకేసి కూర్చుని రాసిన మా అత్త, అక్కడ గొంతు పోయేదాకా మాట్లాడేది.

వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? అక్షింతల పురుగుల డబ్బా చూపించి, "మేం దీన్ని గుండీ పురుగంటాం," అని ఒకడు. "మా వైపు బొట్లమ్మ," అని ఒకావిడ. "మా అమ్మమ్మ ఎర్ర బొత్తాం అనేది." అత్త అన్నీ రాసుకుంది. ఆ ఆరు నెలలూ తిరిగేసరికి నూట పదకొండు పేర్లయ్యాయి. మేడమ్ విదేశాలకి ఉత్తరాలు రాసి మరిన్ని తెప్పించింది. ఒక దేశంలో దాన్ని దేవుడి ఆవు అంటారట. "పాలిస్తుందా?" అని మా అమ్మ అడిగింది. ఇంకో దేశంలో అదృష్టం పురుగట. ఎక్కడ చూసినా ముద్దు పేర్లే. ఇంత ముద్దు చేయబట్టే దాని చుట్టం దాని పేరు చెప్పుకుని తోట తినేసిందని అత్త అనేది.

మేడమ్ ఆ పేర్ల జాబితా అచ్చేయించి, మొదటి పేజీలో అత్త పేరు వేసింది. అత్త ఆ ప్రతి చూసి, అక్షరం మరీ పెద్దదిగా ఉందంది. కానీ దాన్ని కొంగుతో తుడిచి తలగడ పక్కనే పెట్టుకుందని మావయ్య నాతో చెప్పాడు.

ఆవిడ ఉద్యోగం మానేసి ఇప్పటికి పదమూడేళ్ళు. చీటీలన్నీ ఇప్పుడు యంత్రమే అచ్చేస్తోంది. క్రితం ఏడాది నేను పని మీద దూరంగా ఒక ఊరు వెళ్ళినప్పుడు, బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరితోనో ఫోనులో, "వంగకి జల్లెడ పురుగు తగిలింది, పొద్దున్నే ఏరించు," అంటున్నాడు. నేను ఉండబట్టలేక, "ఆ పేరు మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎవరో చెప్పడమేమిటమ్మా, తాతల కాలం నుంచీ దాని పేరు అదే కదా," అన్నాడు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుంది. "తాతల కాలం నుంచీ అన్నాడా?" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. వెంటనే తోట ఆవిడకి ఫోను చేసి, నా చేత మూడోసారి చెప్పించింది. అవతల ఆవిడ, "అక్కా, అయితే మనం ఎప్పుడో తాతలైపోయాం," అంది. ఇద్దరూ ఫోనులో చాలాసేపు నవ్వుకున్నారు.

ఇప్పటికీ ఆదివారాలు అత్త తోటకి వెళుతుంది. కోయడానికీ ఏరడానికీ కాదు, కబుర్లకి. మావయ్యకి మోకాళ్ళు సహకరించక ఇంట్లోనే ఉండి, ఆవిడ తిరిగొచ్చే వేళకి టీ పెడతాడు. పోయిన వారం ఆవిడ తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఖాళీ మాత్రల సీసా ఒకటి ఉంది. లోపల పసుపు రంగు పురుగు, వీపు మీద ఒక్క చుక్కా లేదు. ఆవిడకి తెలిసిన ఏ సొరుగులోనూ అలాంటిది లేదట. తోట ఆవిడ బోడెమ్మ అని పేరు పెట్టేసింది. అత్త ఒప్పుకోలేదు.

"ముందు అడగాలి. అడిగాకే రాయాలి," అంది.

మేడమ్‌కి నిన్ననే పార్శిలు పంపాం. లోపల గోరంత చీటీలు రెండు పెట్టింది. చెయ్యి వణుకుతోంది కాబట్టి ఈసారి పైదాని మీద నాలుగు లైన్లే పట్టాయి. ఎక్కడ, ఎప్పుడు, ఏ మొక్క మీద, ఎవరు పట్టారు. పేరు ఉండాల్సిన రెండోదాన్ని ఖాళీగా వదిలింది.